కనిపించని విమానం, కనిపించే వర్తకం

2025 ఫిబ్రవరిలో యలహంక ప్రదర్శనలో అమెరికా ఎఫ్-35, రష్యా సుఖోయ్-57 పక్కపక్కనే నిలిచినది మొదలు మా విద్యార్థుల నోట ఒకటే ప్రశ్న: "రెండింటిలో ఏది గెలుస్తుంది?" కోడిపందెం ప్రశ్న యిది. యుద్ధవిమానాలను ఇట్లా పోల్చటమే తప్పని నా వాదం.

రాడారుకు బొత్తిగా కనిపించని విమానమంటూ లేదు. ఆకారంచేత, పైపూతచేత తిరుగుతరంగాలను తగ్గించుకొన్న విమానం ఉన్నది, అంతే. ఆ తగ్గింపు అన్ని కోణాలకూ, అన్ని తరంగాలకూ ఒకటి కాదు. దానికై చెల్లించే మూల్యమూ ఉన్నది. అమెరికా ఎఫ్-117కు సొంత రాడారు లేదు, తుపాకీ లేదు, ధ్వనివేగాన్ని దాటదు. అయినా పేరు మాత్రం పోరాట విమానం! 1999 మార్చి 27న సెర్బియాలో దానిని కూల్చినది 1960ల నాటి సోవియట్ ఎస్-125 క్షిపణి. తరువాత వచ్చిన ఎఫ్-22 వేగంలోనూ మేటియే. కాని 750 అనుకొన్నవి 187తో ఆగిపోవటానికి ఖరీదు ఒక ముఖ్య కారణం.

ఈ విద్యకు గణితం ఎక్కడిది? ఉఫిమ్‌త్సెవ్ 1962లో మాస్కోలో ప్రకటించిన గ్రంథాన్ని అమెరికా వాయుసేన 1971లో అనువదించుకొన్నది. లాక్‌హీడ్ ఇంజనీర్లు తమ లెక్కలకు వాడుకొన్నారు. విజ్ఞానానికి సరిహద్దు లేదు. సరిహద్దు కావలసినది ఆయుధ వర్తకునికే.

అమ్మేది వాషింగ్టన్ కానీయండి, మాస్కో కానీయండి, మిత్రులారా, రెండు ప్రశ్నలడగండి: వెల చెల్లించేదెవరు? బాంబు పడేదెవరి కప్పుమీద? ఇవి లేని పోలిక శాస్త్రం కాదు, వర్తకుని కరపత్రం.