‘గిఫ్ట్’ అని రాస్తే డ్యూటీ తప్పుతుందా?

అమలాపురం నుంచి పాలకొల్లు దాకా చాలా ఇళ్లలో ఒకరైనా కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. అందుకే “అక్కడ ఫోన్ చవక, పార్శిల్ చేయించుకో” అనే సలహాకి మన దగ్గర కొదవలేదు. నేనైతే వద్దంటాను.

₹5,000 లోపు గిఫ్టులకు ఉన్న మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే పోయింది. రాఖీలకు, ప్రాణాలు కాపాడే మందులకు మాత్రం మిగిలింది. డ్యూటీ కూడా ఫోన్ ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా ఖర్చులు కలిపి వేస్తారు. ఆ మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే పన్ను మీద పన్ను! సెల్లర్ డబ్బా మీద “గిఫ్ట్, 20 డాలర్లు” అని రాస్తే పని జరగదు. కస్టమ్స్ వాళ్లు అసలు విలువ కట్టగలరు. 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు చేసి, జరిమానా వేయగలరు. అప్పుడు ఇరుక్కునేది సెల్లర్ కాదు, అడ్రస్‌లో పేరున్న మనమే.

పైగా, అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కి సిమ్ ట్రేనే లేదు, ఈ-సిమ్ ఒక్కటే. వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందనే కంపెనీలూ ఉన్నాయి. అలాంటి ఫోన్ రాజమండ్రిలో పాడైతే రిపేరు ఖర్చు మనదే.

అది గల్ఫ్‌లో అక్క కష్టపడి సంపాదించిన డబ్బు. డ్యూటీ, వారంటీ కలిపి లెక్కేశాక కూడా మిగిలితేనే ఆర్డర్ పెట్టండి.