పాటను పట్టి దాచుకుంటే దొంగతనమెట్లయితది?



గత వారం మీ ఉత్తరాల పేజీలో నల్లగొండ పాఠకుడొకరు గట్టిగానే రాశారు. కంప్యూటర్‌లో మోగుతున్న పాటను అదే కంప్యూటర్‌లో రికార్డు చేసుకునే పద్ధతిని వేసవి సెలవుల్లో పిల్లలకు నేర్పుతున్నారని, ఇది చిన్నప్పుడే దొంగతనం అలవాటు చేయడమని ఆయన బాధ. మొన్న విడుదలైన సినిమా పాట గురించి అయితే ఆయనతో నాకు పేచీ లేదు. డబ్బు పెట్టి తీసినవాళ్లున్నారు, కొనుక్కునే వినాలి. కానీ ఆయన అన్ని పాటలనూ ఒకే గాట కట్టారు. నల్లగొండ, పాలమూరు పల్లెల పాటకు ఆ న్యాయం పనికిరాదు. ఇంకో అడుగు ముందుకేసి అంటాను: ఆ విద్యను పిల్లలతోపాటు మన జిల్లా గ్రంథాలయాల సిబ్బందికి కూడా నేర్పాలి.

మా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యనే తీసుకోండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది భీమ్లానాయక్ సినిమా పాట ఆయన గొంతుతో మొదలయ్యాకే, కిన్నెర అనే వాద్యం ఒకటుందని చాలామంది తెలుగువాళ్లకు తెలిసింది. ఆ సినిమా పాటకు వచ్చిన భయమేమీ లేదు. మూలప్రతి ఆడియో కంపెనీ దగ్గర భద్రంగా ఉంటుంది. భయమల్లా ఊళ్లల్లో కిన్నెర మీద నడిచిన పండుగ సాయన్న కథ గురించే. ఉన్నోళ్ల దగ్గర గుంజి లేనోళ్లకు పెట్టిన ఆ పాలమూరు వీరుడి కథ ఒక్కొక్కరి నోట ఒక్కో తీరుగా సాగుతుంది. ఇవాళ వినాలంటే మనలో చాలామందికి దొరికేది ఎవరో జాతరలో నిలబడి ఫోన్‌తో తీసి ఇంటర్నెట్లో పెట్టిన ముక్కలే. శారదకాండ్ల కథలు, చిందు భాగోతం, ఒగ్గుకథ, గొల్లసుద్దులు, నాట్లప్పటి పాటలు, అన్నింటి గతీ దాదాపు ఇదే.

ఆ ముక్కలు పెట్టినవాళ్లు ఎవరు? ఊరి పిల్లలు. పాట మీద ప్రేమతో చానల్ తెరుస్తారు. ఆ తర్వాత పుణెకో బొంబాయికో బతకపోతారు, ఫోన్ నంబర్ మారుతుంది, పాస్‌వర్డ్ మరిచిపోతారు. కొన్నాళ్లకు చానల్ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. మూలప్రతి ఉన్న ఫోన్‌ను ఎప్పుడో పాతసామాన్ల దుకాణంలో అమ్మేసి ఉంటారు. అప్పుడిక ఆ పాటను తమ కంప్యూటర్‌లో దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే దిక్కు.

నల్లగొండ సోదరుడికి ఆయన జిల్లా ముచ్చటే గుర్తు చేస్తాను. తెలంగాణ సాయుధ పోరాటం నాటి పాటల్లో కొన్ని మనకు ఎట్లా మిగిలాయి? సుద్దాల హనుమంతు పాట, బండి యాదగిరి పాట మా భూమి సినిమాలోకి ఎక్కాయి కాబట్టి. యాదగిరి పాటను తెర మీద పాడిన గద్దర్ 2023 ఆగస్టులో వెళ్లిపోయినా ఆ గొంతు మన దగ్గరే ఉంది, అదీ సినిమా రీలు పుణ్యమే. దళాలతో నడిచిన పాటలన్నీ సినిమాకెక్కలేదు. వాటిని పాడగల ముసలివాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో ఆ జిల్లావాళ్లకే బాగా తెలుసు.

ఇక చట్టం సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం చదివినవాళ్లెవరూ అది కాపీ కొట్టడాన్ని మొత్తంగా నిషేధించిందని అనరు. 52వ సెక్షన్ మొదటి క్లాజులోనే సొంత వాడకానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చని ఉంది. కళాకారుల హక్కుల గురించి చెప్పే 39వ సెక్షన్ కూడా సొంత వినియోగం కోసం, నిజాయతీగా చేసే బోధన, పరిశోధనల కోసం చేసే రికార్డింగును తప్పు పట్టదు. లైబ్రరీకి వేరే వెసులుబాటు ఉంది: లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం దగ్గర క్యాసెట్‌లాంటి డిజిటల్ కాని ప్రతి ఉంటే, దాన్ని భద్రపరచడానికి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. దాటకూడని గీత కూడా చట్టంలోనే ఉంది. 2012 సవరణలో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుదారు సాంకేతికంగా తాళం వేసి పెట్టినదాన్ని హక్కులు కాజేసే ఉద్దేశంతో పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. అందుకే నెలకింత కట్టి వినే యాప్‌ల జోలికి పోవద్దనే నేనూ చెబుతాను. వాటి షరతులు వాటికున్నాయి. రికార్డు చేసుకున్నదాన్ని తన పేరుతో మళ్లీ ఇంటర్నెట్లో పెట్టడం, పెన్‌డ్రైవుల్లో ఎక్కించి సంతలో అమ్ముకోవడం కూడా ఈ వెసులుబాటు కిందికి రావు.

అదే చట్టంలో నల్లగొండ సోదరుడు చూడని మాట ఇంకొకటుంది. పాడిన మనిషికి 50 ఏళ్ల పాటు హక్కుంటుంది, తన ప్రదర్శనకు తన పేరు ఉండాలని అడిగే హక్కుతో సహా. ఇంటర్నెట్లో దొరికే మన జానపద వీడియోలు చూడండి. మూలన చానల్ బొమ్మ గిరగిరా తిరుగుతుంటుంది. పాడిన ముసలమ్మ పేరు ఉండదు, ఊరు ఉండదు, వంత పాడినవాళ్ల ఊసే ఉండదు. దొంగతనం ఎక్కడ జరిగిందని అడిగితే నేను ముందు అక్కడే వేలు పెట్టి చూపిస్తాను.

ఇప్పుడు పని ఎట్లా చేయాలో కూడా చెప్పాలి. మంచి ఉద్దేశంతో చెడ్డగా చేసిన రికార్డింగులే మన దగ్గర ఎక్కువ. చాలామంది చేసేదేమిటంటే, కంప్యూటర్ స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు నొక్కడం. గదిలో ఫ్యాను, బయట ఆటో హారను, గోడలకు తగిలి తిరిగొచ్చిన ధ్వని, అన్నీ అందులో పడతాయి. పైగా ఫోన్లు మాట స్పష్టంగా వినిపించడం కోసం తయారైనవి. ఆగకుండా మోగే డోలు దెబ్బనో, కిన్నెర తీగ చివరి జీరనో అనవసరమైన చప్పుడనుకుని అణిచేస్తాయి.

ఇవేవీ పడకుండా రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై 2000లో జనం చేతికి వచ్చింది. విండోస్ కంప్యూటర్‌లో దాని ఆడియో సెటప్‌లో హోస్ట్‌గా వాసాపి ఎంచుకుని, రికార్డింగ్ పరికరం దగ్గర మైకు బదులు మీ స్పీకర్ పేరు పక్కన లూప్‌బ్యాక్ అని ఉన్నదాన్ని పెడితే చాలు. స్పీకర్‌కు పోయే ధ్వని గాలిలోకి రాకముందే అంకెల రూపంలో ఫైలులో పడుతుంది. పాత కంప్యూటర్లలో స్టీరియో మిక్స్ అని ఉండేది, కొన్నింట్లో ఇప్పటికీ ఉంది. లినక్స్‌లో అయితే పేరులో మానిటర్ అని ఉన్న దారిని ఎంచుకోవాలి. మ్యాక్ వాడేవాళ్లు బ్లాక్‌హోల్ లాంటి అదనపు ప్రోగ్రాం వేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ప్లేత్రూ అనే ఎంపికను తీసేయాలి, లేకుంటే పాట మీద పాట పడి ప్రతిధ్వనుల గోల. వాట్సాప్ మూసేయాలి. సాయన్న కథ మధ్యలో టింగుమని మోగిన మెసేజీ కూడా నిష్ఠగా రికార్డవుతుంది! ఏమీ మోగనప్పుడు లూప్‌బ్యాక్ రికార్డింగు ముందుకు కదలదు. చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు, పాట మొదలవగానే అదీ కదులుతుంది.

దాచేటప్పుడు ఎంపీ3గా దాచవద్దు. ఇంటర్నెట్లోకి ఎక్కినప్పుడే పాట ఒకసారి నలిగింది, మళ్లీ నలపడం ఎందుకు? వేవ్ ఫైలుగా సీడీ నాణ్యతలో పెడితే గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. ఫ్లాక్‌లో పెడితే నాణ్యత ఏమీ పోకుండా అందులో దాదాపు సగానికి తగ్గుతుంది. లేని నాణ్యతను ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టదు. అందుకే రొద తీసేస్తామంటూ మూలప్రతి మీదనే ప్రయోగాలు చేయకూడదు. శుభ్రం చేసిన ప్రతి వేరుగా, వచ్చింది వచ్చినట్టు ఉన్న ప్రతి వేరుగా ఉండాలి. ఫైలుతో పాటు పాడినవారి పేరు, ఊరు, కళారూపం, వంతలు, ఏ చానల్‌లో ఏ తేదీన విన్నామో రాసిపెట్టాలి. అవేవీ లేని ఫైలు పదేళ్ల తర్వాత ఎవరికీ అక్కరకు రాదు. చానల్ పెట్టిన పిల్లవాడికి ఒక మాట చెప్పి, వీలైతే అతని దగ్గరున్న అసలు ఫైలే అడగాలి. ఇస్తే రికార్డింగు బాధే లేదు. ఇవ్వలేనివాళ్లు, దొరకనివాళ్లు ఉన్నచోటనే ఈ పద్ధతి.

"ఇదంతా విశ్వవిద్యాలయాలు చూసుకుంటాయి, మనకెందుకు" అనేవాళ్లూ ఉంటారు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అవి చేస్తే సంతోషమే. కానీ మన ప్రాంతపు అనుభవం వేరే మాట చెబుతుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో తెచ్చింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి. ఆయన చేతిలో ఉన్నది ఒక పత్రిక. ఆ సంచికలో రాసిన కవులు చేరారు. పాడిన కవులకు అట్లాంటి సంచిక ఇప్పటికీ లేదు.

కాబట్టి నా విన్నపం జిల్లా గ్రంథాలయ సంస్థలకు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లో, 2019లో ముక్కలై ఇప్పుడు ఎనిమిదయ్యాయి. ఒక్కో జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక కంప్యూటరు, రెండు హార్డ్‌డిస్కులు, ఒక క్యాసెట్ ప్లేయరు, వారానికి ఒక పూట కూర్చునే మనిషి ఉంటే మొదలుపెట్టవచ్చు. రెండో డిస్కు పక్క జిల్లాలో ఉండాలి. వచ్చి వినేవాళ్లకు అక్కడే హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాలి, బయటికి ప్రతి ఇవ్వాలంటే పాడినవారి అనుమతి కాగితం ఉండాలి. నల్లగొండ సోదరుడు ఒప్పుకుంటే ఆ అనుమతి కాగితం నమూనా రాసే పని ఆయనకే అప్పగించమంటాను. కళాకారుల హక్కుల మీద ఆయనకున్న పట్టింపు అక్కడ బాగా పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా