రక్తమా, అభ్యాసమా?

"వానికేందయ్యా, ఆట వాని రక్తంల్నే ఉంది!" చిందు వేసే కుర్రవాణ్ణి చూసి మనవాళ్ళు ఈ మాట మెచ్చుకోలుగానే అంటారు. నాకు మాత్రం గుచ్చుకుంటుంది. జంతుశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక ముందు ఆ వైపునుంచే చూద్దాం.

ఎత్తు, కీళ్ళ వంపు, కండరాల తీరు కొంతవరకు తల్లిదండ్రుల నుంచి వస్తాయి, కాదనను. కాని అడుగు రాదు, తాళం రాదు. మా అమ్మ నాటు వేస్తుంటే, వంచిన నడుము ఎత్తకుండా వెనక్కి జరిగే ఆ కదలిక ఏ నాట్యానికీ తీసిపోదు. పట్నంలో పెరిగిన మా చిన్నమ్మ కొడుకు అదే పొలంలో రెండడుగులు వేసి బురదలో కూలబడ్డాడు. రక్తం ఏమైంది మరి?

జాతిని బట్టే సైగలు ఉంటాయని నాజీలు ఊదరగొడుతున్న రోజుల్లో డేవిడ్ ఎఫ్రాన్ అనే పరిశోధకుడు న్యూయార్కులోని యూదు, ఇటాలియన్ వలసదారుల చేతి కదలికలను పరిశీలించి 1941లో పుస్తకం వేశాడు. పాత పద్ధతిలో బతికేవాళ్ళ సైగలు వేరువేరు. అమెరికా జీవితంలో కలిసిపోయిన వాళ్ళ సంతానంలో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది.

అంత దూరం ఎందుకు, మన పేరిణి లేదూ? గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో నృత్త రత్నావళిలో దాన్ని వర్ణించాడు. 1323లో కాకతీయ రాజ్యం పోయాక ఆ ఆటా మరుగున పడింది. ఆ గ్రంథాన్నీ రామప్ప శిల్పాలనూ ముందు పెట్టుకుని ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని మళ్ళీ నిలబెట్టిన నటరాజ రామకృష్ణగారు పుట్టింది ఎక్కడో బాలీ ద్వీపంలో! అచ్చం జాయప చూసిన పేరిణే ఇది అనలేం. రాయి కదలదు, మధ్యలో ఊహ తప్పదు. అయినా నేటి పేరిణి కుర్రాళ్ళది గురువు నేర్పిన అడుగే గాని తాత ఇచ్చింది కాదు.

చిందు కుటుంబాల్లో తరతరాలుగా వస్తోంది కదా అంటారు. వస్తోంది. చిన్ననాటి నుంచి పెద్దల పక్కన నిలబడి, రాత్రుళ్ళు మేలుకుని నేర్చుకుంటే వస్తోంది. జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ఇచ్చింది ఏళ్ళ తరబడి వేసిన ఆటకు. "రక్తం" అన్నామంటే ఆ చెమటంతా లెక్కలోకి రాకుండా పోతుంది. పైగా నువ్వు దీనికే పుట్టావని ఒకరికి, నీకిది రాదని ఇంకొకరికి ముద్ర పడుతుంది.

ఆ రెండో ముద్ర నాది. పేరిణి నేర్చుకుంటానంటే మా బాపు నవ్వి, "మనింట్ల ఎవలాడిండ్రురా?" అన్నడు. నాట్లు అయిపోనీ, రామప్పకు తోలుకపోయి ఆ రాళ్ళు చూపెడతా.