మా హాస్టలుకి రేటింగెంత?

మొన్న శనివారం ఒక మిత్రుడింట్లో పాట్‌లక్. గుత్తివంకాయ కూర ఖాళీ అయ్యాక మగవాళ్ళం గరాజ్‌లో కుర్చీలేసుకుని కూర్చున్నాం. కబుర్లు ఇళ్ళ ధరల మీంచి స్కూళ్ళ మీదికి మళ్ళాయి. ఇంతలో ఒకాయన కాగితాల బొత్తి తీశాడు. స్కూలు సరిహద్దులు మారుస్తున్నారట. మా సబ్‌డివిజన్ పిల్లల్ని హైవే అవతలి స్కూలుకి వేస్తారట.

"దాని రేటింగు మూడే అన్నా! అంతా అపార్ట్‌మెంట్ల పిల్లలు. వాళ్ళకి చదువు మీద శ్రద్ధుండదు. ఇక్కడో సంతకం పెట్టు."

ఆరేళ్ళ క్రితం ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టాను, పూర్తిగా చదవను కూడా లేదు. ఈసారి పెట్టలేదు. ఎందుకో అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

ఆ స్కూల్లో రెండేళ్ళుగా వారానికో గంట పిల్లల చేత పుస్తకాలు చదివిస్తున్నాను. శ్రద్ధ లేని పిల్లలు నాకింకా కనపడలేదు. కనపడ్డవాళ్ళ సంగతి వినండి. అద్దె కట్టలేక అమ్మానాన్నలు ఇళ్ళు మారుతుంటే ఏడాదిలో రెండు బళ్ళు మారిన పిల్లాడు. అమ్మ రాత్రి షిఫ్టుకి వెళ్తే తమ్ముణ్ణి చూసుకుని, పొద్దున్న క్లాసులో కునికిపాట్లు పడే పిల్ల. శుక్రవారం సాయంత్రం శని, ఆదివారాల కోసం ఇచ్చే తిండి సంచీని గుండెకి హత్తుకుని బస్సెక్కే పిల్లలు. మీరు చూసే ఆ రేటింగు వీళ్ళ తెలివిని కొలవదు, చాలావరకు ఇంట్లో వాళ్ళ జీతాన్ని కొలుస్తుంది. మన పిల్లల బడికొచ్చిన తొమ్మిదీ అంతే.

"అమెరికాలో బడి ఉచితమే కదా?" అని ఊళ్ళో బంధువులు అడుగుతారు. ఉచితమే. కానీ దాని ఖర్చులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇళ్ళ మీద వేసే పన్ను నుంచి వస్తుంది. మా టెక్సస్‌లోనే శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంది. అక్కడి తల్లిదండ్రులు, డిమీట్రియో రోడ్రిగెజ్ అనే ఆయన ముందుండగా, 1968లో కోర్టుకెక్కారు. వాళ్ళు వంద డాలర్ల ఆస్తికి డాలరు అయిదు సెంట్లు పన్ను కట్టేవాళ్ళు. డబ్బున్నవాళ్ళ అలమో హైట్స్‌లో కట్టేది 85 సెంట్లే. అయినా ఒక్కో పిల్లాడి మీద ఏడాదికి ఎడ్జ్‌వుడ్‌లో 356 డాలర్లు, అలమో హైట్స్‌లో 594 డాలర్లు ఖర్చయ్యేది. మరి చదువు మీద శ్రద్ధ లేనిది ఎవరికి?

1973లో దేశ సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, వాళ్ళ కేసు కొట్టేసింది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు మాత్రం ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తేల్చింది. 1993లో, ఉన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత లేనివాటికి మళ్ళించే చట్టం వచ్చింది. దానికి జనం పెట్టిన పేరు రాబిన్ హుడ్. ఆ పేరెత్తితే మనవాళ్ళకి ఒళ్ళు మంట. "మన డబ్బు ఎవరి పిల్లలకో ఎందుకు పోవాలి?"

అయ్యా, నేను ప్రకాశం జిల్లాలో సర్కారు హాస్టల్లో చదువుకున్నాను. అన్నంలో పురుగులేరుకుని, నీళ్ళ సాంబారు పోసుకుని తిన్నాను. ఆ అన్నం కూడా లేకపోతే ఏడో తరగతిలోనే గేదెల వెంట పోయేవాణ్ణి. ఆ బియ్యం ఎవరి డబ్బుతో కొన్నారు? 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. అది ఎవరి డబ్బుతో నడిచింది? వరంగల్ ఆర్.ఇ.సి.లో మన తరం నామమాత్రపు ఫీజుకి ఇంజనీర్లయ్యాం కదా, మిగతా ఖర్చు ఎవరు భరించారు? ముక్కూ మొహం తెలియని వాళ్ళెందరో. మనది ప్రతిభే, కాదనను. ఆ ప్రతిభకి పూటపూటా అన్నం పెట్టింది ఎవరి డబ్బో. మా హాస్టలుకి ఎవరైనా రేటింగిస్తే సున్నా వచ్చేది. ఆ సున్నాలోంచి వచ్చినవాళ్ళం ఇవాళ మూడుని చూసి ముక్కు మూసుకుంటున్నాం.

"ఆదర్శాలకి కన్నబిడ్డల్ని బలిపెడతావా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఈ ఇల్లు స్కూలు చూసే కొన్నాను. సరిహద్దు మారితే ఈ ఆగస్టులో మా చిన్నది ఆ బళ్ళోనే అయిదో తరగతిలో చేరాలి. మా ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకూ భయం లేకపోలేదు. కానీ మా ఇంట్లో పుస్తకాలున్నాయి, ఫ్రిజ్ నిండుగా ఉంది, లెక్కలు చెప్పడానికి ఇద్దరం ఉన్నాం. బడి మారినంత మాత్రాన అవెక్కడికీ పోవు. మనలాంటి వాళ్ళం నలుగురం అక్కడికి వెళ్తే, బోర్డు మీటింగులో ఆ బడి తరఫున అడిగే నోళ్ళు నాలుగు పెరుగుతాయి. రెండు ఉద్యోగాలు చేసే తల్లికి సాయంత్రం ఏడింటికి మీటింగుకొచ్చే తీరికెక్కడిది?

మన ఊరి బడికి కంప్యూటర్లిచ్చి ఫోటో దిగుతాం. మంచి పనే, ఆపొద్దు. ఇక్కడ మైలు దూరంలో ఉన్న బడికి మాత్రం మన పిల్లల్ని పంపమని సంతకాలు పెడుతున్నాం. రెండూ ఒకే చెయ్యి చేస్తోంది. అదొక్కటీ గమనించమనే నా మనవి.

ఆ కాగితం మా వంటింటి గట్టు మీదే ఉంది. నా పేరుకి ఎదురుగా గడి ఖాళీ. దాన్ని అలాగే తిరిగిస్తాను.