సముద్రము పట్టా చూడదు

దిగితేగాని లోతు తెలియదని తెలుగువారి సామెత. అది ఏటికిని చెరువునకును సరిపోవును గాని, వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రగర్భమునకు దిగువారికి సరిపోదు. వారు దిగుటకు ముందే లోతును గూర్చి తెలిసికొనియుండవలెను. ఆ తెలివి కలదని సాక్ష్యమిచ్చునదే స్కూబా శిక్షణసంస్థలు ఇచ్చు యోగ్యతాపత్రము. ఆ పత్రము నేడు మరీ సులభముగా లభించుచున్నదా అను వాదము ఆ విద్య నెరిగినవారిలో చాలకాలముగా సాగుచున్నది. విశాఖ తీరమునను, అండమాను దీవులలోను యువకులు ఈ విద్యపై మక్కువ చూపుచున్న కాలమిది. పైగా పరీక్షలతోను పట్టాలతోను నిత్యసంబంధము గల ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ వాదమునందు ఆలోచింపదగిన విషయము కలదు.

ఈ విద్య పురాతనమైనది కాదు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను ఇరువురు, మునిగినవానికి ఆ లోతునకు తగిన ఒత్తిడితో గాలి నందించు సాధనమును నిర్మించిరి. యుద్ధానంతరము అది సామాన్యుల చేతికి వచ్చెను. సాధనము కొన్నవారికి దాని వాడుక నేర్పువారు కరవైరి. ఆ కొరత తీర్చుటకై 1953లో బ్రిటనులో ఒక క్లబ్బు వెలసెను. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ అధికారులు 1950ల దశకముననే ప్రజలకు శిక్షణ ప్రారంభించిరి. 1960లో నావీ అను బోధకుల సంఘమును, 1966లో పాడీ అను సంస్థయు పుట్టినవి. నేడు ప్రపంచమున మిక్కిలి వ్యాప్తి గలది ఈ పాడీయే.

ఆ తొలినాటి శిక్షణ కఠినమైనది. నౌకాదళపు పద్ధతులు దానిలో చాలవరకు ప్రవేశించినవి. శిష్యుడు నీటిలో ఉండగా గురువు వెనుకనుండి వచ్చి వాని ముఖముపై మాస్కును లాగివేయుట, గాలి కవాటము కట్టివేయుట పాఠములో భాగముగా ఉండెడివి. బ్రిటిషు క్లబ్బులలో వారమున కొక రాత్రి చొప్పున, చలికాలమంతయు ఈతకొలనులలో సాధన చేసిన పిదపనే సముద్రము చూచెడివారు.

నేటి పద్ధతి వేరు. సిద్ధాంత పాఠములను ఇంట కూర్చుండి కంప్యూటరుపై చదువుకొనవచ్చును. కొలనులో కొంత సాధన, పిమ్మట సముద్రమున నాలుగు మునకలు. మూడు నాలుగు దినములలో పాడీవారి మొదటి పత్రము చేతికి వచ్చును. కాలనియమము లేకుండ రెండువందల మీటర్లు ఈదగలిగి, పది నిమిషములు నీటిపై తేలియుండగలిగిన చాలును. ఆ పత్రముతో పదునెనిమిది మీటర్ల లోతునకు, తోటివానితో కలిసి, గురువు లేకుండనే దిగవచ్చును. పదేండ్ల బాలునికి సైతము, పెద్దల తోడును తక్కువ లోతును నియమముగా విధించి, పత్రమిత్తురు. ఆపై మరి యైదు మునకలు మునిగినచో ‘అడ్వాన్స్‌డ్’ అను బిరుదును, ముప్పది మీటర్ల వరకు అనుమతియు లభించును. అనగా జీవితమున తొమ్మిది మారులు మాత్రమే మునిగినవాడు ఆరితేరినవాని పేరు ధరించి తిరుగవచ్చును. పైగా ఈ పత్రమునకు గడువు లేదు. పదేండ్లు నీరు ముట్టనివానికిని అది చెల్లుచునే యుండును.

ఇది చూచి పాతతరమువారు విద్య పలుచబడినదని వాపోవుదురు. వారి మాట సగమే నిజము. పూర్వపు డైవరునకు సిలిండరులో ఎంత గాలి మిగిలినదో చూపు సాధనము చాలకాలము లేదు; గాలి బరువెక్కినపుడు మీట లాగి, మిగిలిన కొద్దిపాటి నిల్వతో పైకి వచ్చెడివాడు. తేలికను సరిచేసికొనుటకు గాలి నింపుకొను చొక్కా లేదు. తోటివాని గాలి తీరిపోయినచో ఒకే గొట్టమును ఇరువురును మార్చిమార్చి నోట పెట్టుకొనవలసివచ్చెడిది. నేడు ఒత్తిడి గడియారము, గాలి చొక్కా, రెండవ గొట్టము, లోతును కాలమును గణించు చిన్న కంప్యూటరు సామాన్యమైనవి. సాధనము మారినపుడు శిక్షణయు మారుట న్యాయమే. కండబలమును పరీక్షించి స్త్రీలను, వయసు మీరినవారిని గడపవద్దనే ఆపివేయుట భద్రత కాదు. గజయీతగానికే సముద్రము చూచు హక్కు కలదనుట విద్యాభిమానము కానేరదు.

అయితే ప్రమాదము కండబలమున లేకపోయినచో మరెక్కడ ఉన్నది? పాఠశాలలో బాయిలు సూత్రము చదివిన విద్యార్థి దీనిని గ్రహింపగలడు. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలముకంటె రెండింతలు. అక్కడ నిండుగా పీల్చిన ఊపిరిని బిగబట్టి పైకి వచ్చినచో, ఆ గాలి రెండింతలు కాజూచును, ఊపిరితిత్తులు చిట్లును. కొలనులోని లోతులో సైతము ఈ అపాయము కలదు. ఊపిరి బిగబట్టరాదను నియమమును ఒక్కమారు వినిన ఎవడైనను అప్పజెప్పగలడు. కాని ముక్కులోనికి నీరు చొరబడి, గుండె దడదడలాడు క్షణమున ఆ నియమము జ్ఞాపకమునకు వచ్చి ప్రయోజనము లేదు. అది దేహమునకు అలవాటై యుండవలెను.

2008లో ప్రకటితమైన ఒక పరిశోధనలో డైవర్స్ అలర్ట్ నెట్‌వర్కు శాస్త్రజ్ఞులు, తొమ్మిదివందలకు పైగా డైవింగు మరణములను పరిశీలించిరి. ఆపద ఎట్లు మొదలైనదో తెలిసిన సందర్భములలో నూటికి నలుబదియొకటి గాలి చాలకపోవుటతో ప్రారంభమైనవి. గాలి ఎంత మిగిలినదో చెప్పు గడియారము చేతికందునంత దూరమున వ్రేలాడుచునే యుండును. దానిని చూచుటకు బలమక్కరలేదు, సాహసమక్కరలేదు. మాటిమాటికి చూచు అలవాటు మాత్రము కావలెను.

అభ్యాసము కూసువిద్య యన్నది ఇక్కడ అక్షరసత్యము. అలవాటునకు పునరావృత్తియే మూలము; పునరావృత్తికి కాలము కావలెను. నేటి శిక్షణలో తరిగిపోయినది కాఠిన్యము కాదు, కాలము. నియమగ్రంథములు చూచినచో, ప్రతి కౌశలమును శిష్యుడు తడబాటు లేకుండ, మరల మరల చేయగలుగవలెనని స్పష్టముగానే ఉన్నది. కాగితముపై ప్రమాణము తక్కువది కాదు. మాస్కులో నీరు నింపి ఖాళీచేయుట ఒకమారు ఎట్లో నెరవేరగానే ‘వచ్చినది’ అని గీత గీసినపుడు ఆ ప్రమాణము చెడును.

అట్లు గీత గీయువాడు చెడ్డవాడు కానక్కరలేదు. నేర్పువాడు, పరీక్షించువాడు, రుసుముపై బ్రదుకువాడు ఒక్కడే యగుట అసలు చిక్కు. శిష్యుడు నాలుగు దినముల సెలవుపై వచ్చియున్నాడు. తిరుగుప్రయాణపు టిక్కెట్టు సిద్ధముగా నున్నది. రేపు మరికొందరు శిష్యులు రానున్నారు. ఇట్టి స్థితిలో ‘నీకింకను రాలేదు’ అనుటకు గురువునకు గుండెనిబ్బరము కావలెను. పదవ తరగతి పబ్లికు పరీక్షలో చదువు చెప్పిన ఉపాధ్యాయుడే తన శిష్యుల జవాబుపత్రములను దిద్దడు. అది ఉపాధ్యాయునిపై అపనమ్మకమువలన ఏర్పడిన నియమము కాదు. వానిని మొగమాటమునుండి కాపాడుటకై ఏర్పడినది. ప్రాణముతో ముడిపడిన విద్యకు ఆపాటి కాపుదల లేకపోవుట వింత.

మునిగివచ్చువారిలో మరణించువారు బహుస్వల్పమే కదా యని కొందరందురు. స్వల్పమే, సంతోషము. కాని పెక్కుమంది బోధకుని వెంట, ప్రశాంతమైన వెచ్చని నీటిలో మునిగి వచ్చుచున్నారు. వారిని కాపాడుచున్నది వారి పత్రము కాదు, వెంటనున్నవాని కన్ను. ఆ కన్ను లేనినాడు, నీరు మసకబారి ప్రవాహము లాగినపుడు, పత్రము చెప్పిన మాట నిజమో కాదో తేలును.

కావున పాతకాలపు మొరటుతనమును మరల తెమ్మనుట కాదు. మొదటి పత్రమునకు నాలుగు మునకలకంటె ఎక్కువ ఉండవలెను. తుది పరీక్ష నేర్పినవాడు గాక మరియొకడు చేయవలెను. తొమ్మిది మునకలవానికి ఆ గొప్ప పేరు తగదు. ఏండ్ల తరబడి నీటికి దూరమైనవాడు మరల పరీక్షకు నిలిచిన పిదపనే లోతునకు పోవలెను. వీనివలన రుసుము కొంత పెరుగును, పత్రములు కొన్ని తగ్గును. ఆ నష్టము భరింపదగినదే.

ఈ విద్య నేర్వబోవు విద్యార్థి మాత్రము నియమములు మారువరకు వేచియుండ నక్కరలేదు. ‘ఇంకొకమారు చేయించుడు’ అని గురువు నడుగుట ఏ సంస్థయు నిషేధింపలేదు. తరగతిలో పది మార్కులు ఊరక వచ్చినచో వాని లోటు పైతరగతిలో పూడ్చుకొనవచ్చును. పదునెనిమిది మీటర్ల క్రింద అట్టి పైతరగతి లేదు.