జపాన్ బండికి ప్రాణం లేదా?



జపాన్ స్పోర్ట్స్ కార్లలో పనితనం ఉంది గాని ప్రాణం లేదని, అది యూరప్ కార్ల సొత్తని గత సంచిక వ్యాసం తేల్చేసింది. ఇది అన్యాయం. 1990లో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ వచ్చినప్పుడూ ఇదే మాట వినపడింది. దాని మెరుగుల్లో ఫార్ములా వన్ రేసర్ అయర్టన్ సెన్నా సలహా ఉంది. మెక్‌లారెన్ ఎఫ్1 రూపకర్త గోర్డన్ ముర్రే, బండి నడక ఎలా ఉండాలనేదానికి ఆ హోండానే కొలబద్దగా పెట్టుకున్నాడు. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది మాజ్దా 787బి.

అంత దూరం ఎందుకు? మా రుద్రవరంలో స్పోర్ట్స్ కారు కొనేవాళ్లెవరు! ఇక్కడి మోజంతా మోటార్‌సైకిళ్ల మీదే. చెక్ దేశపు జావా వారసత్వంతో మైసూరులో తయారైన ఎజ్డీ ఒకవైపు, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్100 ఇంకోవైపు.

ఎజ్డీ అందం ఎజ్డీదే, కాదనలేం. కిక్ కొట్టిన కడ్డీనే తిప్పితే గేరు కడ్డీ అయిపోతుంది. జంట సైలెన్సర్ల మోత వీధి మలుపులోనే గుర్తుపట్టవచ్చు. కానీ పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఆయిల్ కొలిచి కలపాల్సిందే. ఆర్‌ఎక్స్100లో ఆయిల్‌కు వేరే ట్యాంకు. ఎంత కావాలో అంత ఆయిల్ పంపే అందిస్తుంది. ఉన్నది 98 సీసీ ఇంజినే, అయినా యాక్సిలరేటర్ తిప్పగానే ఆళ్లగడ్డ రోడ్డు మీద ఎగిరి దూకుతుంది.

1996లో ఆర్‌ఎక్స్100 తయారీ ఆగిపోయినా, దాన్ని ఆయిల్ గుడ్డతో రోజూ తుడుచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వ్యాసకర్త ఒకసారి వాళ్లతో మాట్లాడి మలి భాగం రాయాలి.

— ఒక పాఠకుడు, రుద్రవరం, నంద్యాల జిల్లా