ఈసీ తీయకుండా ఇల్లు కొంటారా మియా?



పోయిన ఇత్వార్ ఖాలా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా కుర్రాళ్ళంతా చాయ్ పట్టుకుని ఒక మూలన చేరారు. ఎవడి ఫోన్‌లోనో వీడియో ఆగిపోయింది. దాని మీద మాటొచ్చి ఒకడు, "2008లో పాకిస్తాన్ వాళ్ళు దునియా మొత్తానికి యూట్యూబ్ బంద్ చేశారు, మాలూమ్?" అన్నాడు. పక్కనున్నవాడు, "అది సైబర్ దాడి భాయ్, హ్యాకర్లను పెట్టి చేయించారు" అన్నాడు. మొదటివాడి గొంతులో కాస్త ఫఖర్, రెండోవాడి గొంతులో కాస్త ఖౌఫ్. ఇద్దరిదీ ఘలత్ ఫహమీయే.

ఆ రోజు జరిగింది దాడీ కాదు, కరామత్ కాదు. ఒక ఝూటా దావా. సుబూత్ అడక్కుండా దాన్ని మంజూర్ చేసినవాళ్ళ లాపర్వాహీ. ఆ లాపర్వాహీ దునియాలోని ఎన్నో నెట్ కంపెనీల్లో ఇవాళ్టికీ పోలేదు. నా ఝగడా దానితోనే.

ముందు జరిగిన సంగతి సాఫ్‌గా చెప్పుకుందాం. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ హుకూమత్ తన దేశంలో యూట్యూబ్‌ను ఆపమని హుకుమ్ ఇచ్చింది. ఇస్లాంను అవమానించే వీడియో అందులో ఉందన్నది కారణం. ఆ హుకుమ్ సహీయా కాదా అన్నది వేరే బహస్. దాన్ని అమలు చేసిన తీరు చూడండి. యూట్యూబ్ వాడుతున్న 1,024 ఇంటర్నెట్ పతాల వరుస ఒకటుంది. అందులో 256 పతాలు "మావే" అని పాకిస్తాన్ టెలికామ్ తన రౌటర్లలో రాసుకుంది. దేశంలో ఎవరు యూట్యూబ్ అడిగినా ఆ దారిన పోయి గోతిలో పడాలి, అంతే. ఆ రాత ఇంటి గడప దాటకూడదు. దాటింది. పాకిస్తాన్ టెలికామ్‌కు బయటి దునియాతో దారి ఇచ్చే హాంకాంగ్ కంపెనీ పీసీసీడబ్ల్యూ ఆ దావాను వింది. "ఈ పతాలు నీవేనా? కాగజ్ చూపించు" అని ఒక్క మాట అడగలేదు. విన్నది విన్నట్టు ఊరంతా చాటింపు వేసింది.

రౌటర్లకు ఒక ఆదత్ ఉంది. పెద్ద వరుస ఒకరిదని, అందులోని చిన్న ముక్క ఇంకొకరిదని రెండు మాటలు వినపడితే చిన్న ముక్క మాటనే నమ్ముతాయి. అందుకని దునియా నలుమూలల నుంచి యూట్యూబ్ కోసం బయల్దేరిన రద్దీ పాకిస్తాన్ దారి పట్టింది. మన గడియారంలో అర్ధరాత్రి 12:17కి మొదలైన ఈ తమాషా, 2:31కి పీసీసీడబ్ల్యూ ఆ దావాను వెనక్కి తీసుకునేదాకా సాగింది. రెండు గంటల పైచిలుకు. ఇందులో హ్యాకర్ ఎక్కడున్నాడు? పాస్‌వర్డ్ ఎవరు దొంగిలించారు? ఒకడు ఘలత్ మాట అన్నాడు, ఇంకొకడు తస్దీక్ లేకుండా నమ్మాడు.

"సరే, రెండు గంటలు వీడియోలు రాకపోతే కొంప మునిగిందా?" అంటారా? ఇది వినండి. 2018 ఏప్రిల్ 24న ఇదే తరహాలో అమెజాన్ పతాలు కొన్ని "మావే" అని వేరే నెట్‌వర్క్ నుంచి దావా బయల్దేరింది. అవి సైట్ల పేరుకు పతా చెప్పే సర్వర్ల పతాలు. మై ఈథర్ వాలెట్ అనే సైటుకు వెళ్ళాల్సిన జనాన్ని ఒక నకిలీ సైటుకు మళ్ళించారు. బ్రౌజర్ హెచ్చరిక చూపించినా పట్టించుకోకుండా లోపలికి పోయినవాళ్ళ ఖాతాల నుంచి సుమారు లక్షన్నర డాలర్ల విలువైన క్రిప్టో సొమ్ము రెండు గంటల్లో ఖాళీ. వాళ్ళు టైప్ చేసిన పేరు సహీ. తప్పింది దారి. పెన్షన్ సొమ్ము, బచ్చాల ఫీజు, గల్ఫ్ నుంచి వచ్చే ఖర్చులు అన్నీ ఇవాళ ఇదే దారుల మీద నడుస్తున్నాయి.

అసలు ఇంత కచ్చా బందోబస్తు ఎలా వచ్చింది? ఇంటర్నెట్ ఒక్కరి జాగీర్ కాదు. పదుల వేల నెట్‌వర్క్‌లు, ఒక్కోదానికి ఒక నంబర్. "ఈ పతాలకు దారి నా దగ్గరుంది" అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఆ చెప్పుకునే జబాన్ పేరు బీజీపీ. 1989లో సిస్కో, ఐబీఎం ఇంజినీర్లు ఇద్దరు భోజనాల దగ్గర కాగితపు న్యాప్‌కిన్ల మీద దాని నక్షా గీశారు. అప్పుడు నెట్ అంటే ఒక చిన్న మొహల్లా. అందరూ అందరికీ తెలుసు. మాటే సుబూత్. వాళ్ళను తప్పుపట్టను. కానీ మొహల్లా షహర్ అయింది, షహర్ దునియా అయింది. ఇంకా నోటిమాట మీదే నడుస్తామంటే ఎలా?

మనలో ఎవరైనా ప్లాటు కొనేటప్పుడు ఏం చేస్తాం? అమ్మేవాడు నమాజీ, షరీఫ్ ఆద్మీ, వరసకు బావ అవుతాడు, అన్నీ సరే. అయినా ఇంట్లో పెద్దలు అడిగే మొదటి సవాల్ ఒక్కటే: "ఈసీ తీయించారా?" సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులో ఎవరి పేరు ఉందో చూడకుండా ఎవరూ బయానా ఇవ్వరు. అది అమ్మేవాడి మీద షక్ కాదు. రివాజ్. రేపు ఝగడా రాకుండా ఇద్దరికీ హిఫాజత్.

ఇంటర్నెట్‌కు కూడా అలాంటి రిజిస్ట్రీ ఉంది. దాని పేరు ఆర్‌పీకేఐ. పతాలు పంచే సంస్థలు దునియాలో ఐదు. మన ఇలాకాకు ఏపీనిక్, దాని కింద మన దేశంలో ఐరిన్. 2011 నుంచి వరసగా ఇవి ఈ రిజిస్ట్రీ తెరిచాయి. పతాల హక్‌దార్ అందులో ఒక కాగజ్ రాయించుకుంటాడు: "ఈ పతాల వరుసను ఫలానా నంబర్ నెట్‌వర్క్ మాత్రమే తనదని చెప్పవచ్చు, ఇంతకన్నా చిన్న ముక్కలు చేసి చెప్పకూడదు." దాని మీద డిజిటల్ ముహర్ పడుతుంది. గణితంతో వేసిన ముహర్, నకిలీ చేయడం కుదరదు. ఈ కాగజ్‌ను ఆర్‌ఓఏ అంటారు.

ఇక ఈసీ తీయడం. దారి గురించి ఒక దావా రాగానే రౌటర్ దాన్ని రిజిస్ట్రీతో పోల్చి చూడాలి. మూడే జవాబులు. కాగజ్‌తో కలిస్తే సహీ. కాగజ్‌కు ఖిలాఫ్‌గా ఉంటే ఘలత్. అసలు కాగజ్ లేకపోతే నామాలూమ్. సహీని తీసుకోవాలి, ఘలత్‌ను పారేయాలి, నామాలూమ్‌ను ప్రస్తుతానికి పోనివ్వాలి. ఈ కాయిదా 2013 నుంచి రాతలో ఉంది. పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ ముఫ్త్‌గా దొరుకుతుంది: రూటినేటర్, ఫోర్ట్, ఆర్‌పీకేఐ క్లయింట్, ఏది కావాలంటే అది. ఇప్పుడు నడుస్తున్న రౌటర్లలో చాలావాటికి ఈ పని చేయడం వచ్చు.

పని చేస్తుందా అంటారా? దీనికి గవాహీ ట్విట్టర్ కేసు. 2021 ఫిబ్రవరి 5న, ఫౌజీ తిరుగుబాటు జరిగిన నాలుగు రోజులకు, మయన్మార్‌లో ట్విట్టర్‌ను ఆపమన్నారు. అక్కడి ఒక నెట్‌వర్క్ 2008 నాటి గల్తీనే మళ్ళీ చేసింది. ట్విట్టర్ 256 పతాలు మావే అన్న దావా దేశం దాటి బయటికి పొర్లింది. అప్పుడు ఆ పతాలకు ఆర్‌ఓఏ లేదు. ఆ తర్వాత ట్విట్టర్ కాగజ్ రాయించుకుంది. 2022 మార్చి 28న రష్యాలోని ఆర్‌టీకామ్ నుంచి అవే 256 పతాల మీద అలాంటి దావానే వచ్చింది. ఈసారి తస్దీక్ చేసే నెట్‌వర్క్‌లు దాన్ని గుమ్మంలోనే ఆపేశాయి, అది పెద్దగా పాకలేదు. అవే పతాలు, అదే తరహా గల్తీ. మధ్యలో వచ్చి చేరింది ఒక కాగజ్, దాన్ని చదివే అలవాటు.

2024 మే నాటికి పాత తరహా పతాల దారుల్లో సగానికి పైగా కాగజ్ ఉన్నవే అయ్యాయి. షుక్ర్. కానీ అసలు ధోఖా ఇక్కడే ఉంది. కాగజ్ రాయించుకోవడం వేరు, ఎదుటివాడి కాగజ్ చదవడం వేరు. తన ఇంటికి పట్టా తీసుకుని బీరువాలో పెట్టుకున్నవాడు, ఇంకొకరి ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఈసీ అడగడు. ఇదేం ఇన్సాఫ్? నా ఆర్‌ఓఏ నన్ను కాపాడాలంటే పక్కవాడు దాన్ని చదవాలి. పక్కవాడిని కాపాడాలంటే నేను చదవాలి. రాసి ఊరుకునేవాళ్ళు సగం ఫర్జ్ చేసి పూర్తి షాబాష్ అడుగుతున్నారు.

ఇక బహానాల సంగతి.

మొదటి బహానా: "ఇది పూరా హిఫాజత్ కాదు." నిజమే, కాదు. ఈ తస్దీక్ దారి ఎక్కడ మొదలైందో చూస్తుంది, మధ్యలో ఎవరెవరి గుండా వచ్చిందో చూడదు. 2022 ఆగస్టు 17న సెలర్ బ్రిడ్జ్ మీద జరిగిన చోరీలో దొంగలు దారి చివర అమెజాన్ నంబర్‌నే అతికించి దావా చేశారు. రెండు లక్షల డాలర్లకు పైగా పోయాయి. పేరు మార్చుకుని వచ్చే దొంగను ఈసీ ఒక్కటే పట్టుకోలేదు. అయితే ఈసీ తీయడం మానేద్దామా? ఇంటికి కిటికీ ఉంది కదా అని దర్వాజాకు తాళం వేయడం మానేస్తామా? మధ్య దారిని చూసే ఆస్పా అనే కాయిదా తయారవుతోంది. అది కూడా ఇదే రిజిస్ట్రీ మీద నిలబడేదే. ఈ మెట్టు ఎక్కనివాడు ఆ మెట్టు ఎలా ఎక్కుతాడు?

రెండో బహానా: "రికార్డులో గల్తీ ఉంటే మంచి గిరాకీలు తెగిపోతారు." దీనికి వాళ్ళు చూపించేది స్పెయిన్. 2024 జనవరి 3న ఆరెంజ్ స్పెయిన్‌కు రైప్‌లో ఉన్న ఖాతాలోకి ఒకడు దూరాడు. పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? రైప్‌అడ్మిన్! రెండో తాళం లేదు. వాడు తప్పుడు ఆర్‌ఓఏలు రాశాడు, తస్దీక్ చేసే నెట్‌వర్క్‌లు ఆరెంజ్ అసలు దారులనే ఘలత్ అనుకుని పారేశాయి, సుమారు మూడు గంటలు అక్కడి గిరాకీలకు ముసీబత్. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తాళంచెవి గుమ్మం మీద పెట్టి పోతే ఎవరి తప్పు? ఆ కేసు నేర్పింది తాళం సరిగ్గా వేయమని. రికార్డు చూడడం మానేయమని కాదు. ఆ తర్వాత రైప్ రెండో తాళాన్ని అందరికీ లాజిమ్ చేసింది.

మూడో బహానా కాస్త వజన్ ఉన్నది: "రిజిస్ట్రీ చేతికి ఇంత ఇఖ్తియార్ ఇస్తే, రేపు ఎవరి కాగజ్‌ అయినా చించేస్తే?" కాగజ్ మాటెత్తితే మనకు ఆ ఖౌఫ్ అర్థమవుతుంది. జవాబు కూడా విందాం. కాగజ్ తీసేస్తే ఆ దారి మామూలుగా ఘలత్ అవదు, నామాలూమ్ అవుతుంది. నామాలూమ్ దారి నడుస్తూనే ఉంటుంది. పైగా ఏ నెట్‌వర్క్ అయినా తన ఇంట్లో రిజిస్ట్రీ మాట పక్కనపెట్టి తన ఫైస్లా రాసుకునే సౌలత్ కూడా ఉంది. ఇఖ్తియార్ మీద నిఘా ఉండాలి, బేషక్. కానీ ఇవాళ ఏ ఇఖ్తియార్ లేని అనామకుడు కూడా ఎవరి పతాలనైనా కాజేయగలుగుతున్నాడు. దాన్ని ఆజాదీ అంటారా?

"ఇవన్నీ విదేశాల కథలు" అనేవాళ్ళకు ఒక మాట. 2021 ఏప్రిల్ 16న మన దేశంలోని వొడాఫోన్ ఐడియా నెట్‌వర్క్ 30,000కు పైగా పరాయి దారులు తనవేనని దునియాకు చెప్పింది. కావాలని కాదు, గల్తీ. కావాలని చేసినా, చేయకున్నా ఆపేది ఒక్కటే: వినేవాడి తస్దీక్.

మనం ఏం చేయాలి? మొదటిది, నెల నెలా పైసలు కడుతున్న నెట్ కంపెనీని అడగండి: "ఘలత్ దారులను మీరు పారేస్తున్నారా?" జవాబు తెలియకపోతే తెలుసుకుని చెప్పమనండి. క్లౌడ్‌ఫ్లేర్ 2020లో పెట్టిన ఈజ్ బీజీపీ సేఫ్ యెట్ పేజీలో ఒక బటన్ నొక్కితే మీ కంపెనీ సంగతి మీకే తెలుస్తుంది. కాలేజీకి పోయే పిల్లలతో చేయించండి. దాని మీద వచ్చింది స్క్రీన్‌షాట్ తీసి కంపెనీకి పంపండి.

రెండోది, మన బచ్చాలు ఎందరో హైదరాబాద్‌లో, దుబాయ్‌లో, రియాద్‌లో నెట్‌వర్క్ కొలువుల్లో ఉన్నారు. బేటా, ఈ మాట మీకే. రౌటర్ మీ చేతిలో ఉంది. లక్షల ఇళ్ళ కబుర్లు, కమాయీ దాని గుండా పోతున్నాయి. అది అమానత్. "పైవాళ్ళు చెప్పలేదు" అనకండి. మీరే ముందు ఒక రోజు ఘలత్ దారులు ఎన్ని వస్తున్నాయో లెక్క తీసి, మీటింగ్‌లో పెట్టండి. ఆ తర్వాత పారేయడం మొదలుపెట్టండి. అడిగే మొదటివాడు లేకే ఇన్నేళ్ళు గడిచాయి.

చాయ్ చల్లారేలోపు ఇదంతా ఆ కుర్రాళ్ళకు చెప్పాను. ఫఖర్ పడ్డవాడు తల గోక్కుని, "అంటే తప్పు పాకిస్తాన్‌ది కాదా మామూ?" అన్నాడు. "వాళ్ళది ఒక తప్పు బేటా, అడక్కుండా నమ్మినవాళ్ళది ఇంకో తప్పు. మొదటిది ఒక రాత్రిలో సర్దుకుంది. రెండోది ఇంకా సర్దుకోలేదు" అన్నాను.

వాడు ఫోన్ తీసి ఆ బటన్ నొక్కాడు. ఏమొచ్చిందో ఇక్కడ రాయను. మీ ఇంట్లో మీరు నొక్కి చూసుకోండి.

ఖుదా హాఫిజ్.